వానా, మంచా? కొండల్లో తొలి మంచు కబురు ముందే ఎలా తెలుస్తుంది

[దృశ్యం: కొండ రోడ్డు, కారు లోపలి నుంచి. వైపర్లు తిరుగుతున్నాయి.]

కింద బయల్దేరినప్పుడు మామూలు వానే. నాలుగు మలుపులు ఎక్కేసరికి అద్దం మీద చినుకు చప్పుడు మారింది. టపటపలు పోయి, తడి దూది విసిరినట్టు మెత్తగా పడుతోంది. ఇంకో రెండు మలుపులకి వైపర్ అంచున తెల్లటి ముద్ద పేరుకుంది. ఆ పైన రోడ్డే కనపడట్లేదు.

మబ్బు అదే. టైమ్ చూస్తే అరగంట కూడా కాలేదు. ఫోన్‌లో వెదర్ యాప్ మాత్రం ఈ కొండ మొత్తానికీ ఒకటే బొమ్మ చూపిస్తోంది: ఒక మబ్బు, దాని కింద ఒక చినుకు, పక్కనే ఒక మంచు పువ్వు. ఏది పడుతుందో మీరే చూసుకోండి అన్నట్టు.

యాప్‌ని తిట్టుకోవడం తేలికే. కానీ ఆ చినుక్కీ ఆ పువ్వుకీ మధ్య గీత ఏ ఎత్తులో పడుతుందో ముందుగా చెప్పడం చాలా కష్టమైన పని. అందులోనూ చలికాలం మొదట్లో. ఎందుకో ఈ వీడియోలో చూద్దాం.

ముందు ఒక మాట. తెలుగులో పొగమంచూ మంచే, ఫ్రీజర్‌లో పేరుకునేదీ మంచే, తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే. ఇక్కడ నేను మంచు అంటే ఆకాశం నుంచి రేకులుగా రాలేది మాత్రమే అనుకోండి. అది గడ్డకట్టిన వాన చుక్క కాదు. మబ్బులో నీటి ఆవిరి నీరు కాకుండానే నేరుగా స్ఫటికమై పెరిగితే వచ్చేది.

[గ్రాఫిక్: నిట్టనిలువుగా కోసిన కొండ. పైన మబ్బు, మధ్యలో 0° అని ఎర్ర గీత.]

ఇంకో సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. చల్లటి దేశాల్లో పడే వానలో ఎక్కువ భాగం పైన మంచుగా పుట్టినదే. దారిలో కరిగి చినుకైంది, అంతే. కాబట్టి మంచు తయారవుతుందా అన్నది అసలు ప్రశ్నే కాదు. పైన పుట్టిన రేకు నేల దాకా బతికి వస్తుందా? ప్రశ్న అది.

ఎత్తుకి వెళ్లేకొద్దీ సగటున కిలోమీటరుకి ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. దీన్ని తిప్పి లెక్కేయండి. అంచనా ఒక్క డిగ్రీ తప్పితే సున్నా గీత, అంటే గాలి సున్నా డిగ్రీలకి చేరే ఎత్తు, దాదాపు 150 మీటర్లు పైకో కిందకో జరుగుతుంది. మైదానంలో 31 అని చెప్పి 32 వస్తే ఎవరికీ పట్టదు. కొండ మీద ఆ ఒక్క డిగ్రీలో ఒక ఊరంతా వానలోంచి మంచులోకి వెళ్లిపోతుంది. నడి చలికాలంలో చాలా ఎత్తైన కొండల్లో ఈ బాధ తక్కువ. లోయ నుంచి శిఖరం దాకా అంతా మైనస్సే, పడిందల్లా మంచే. సీజన్ మొదట్లో ఆ సున్నా గీత కొండ నడుము దగ్గర ఊగుతూ ఉంటుంది. ఇళ్లూ రోడ్లూ ఉండేదీ అక్కడే.

సరే, సున్నా గీత తెలిస్తే చాలా? చాలదు. రేకు సున్నా దాటగానే కరిగిపోదు. మామూలుగా ఇంకో 200, 300 మీటర్లు కిందికి దిగాకే పూర్తిగా నీరవుతుంది. గాలి పొడిగా ఉంటే ఇంకా కిందికి కూడా వస్తుంది.

[దృశ్యం: క్లోజప్. చెక్క స్టాండుకి పక్కపక్కనే రెండు థర్మామీటర్లు. ఒకదాని బుడ్డికి తడి మల్లుగుడ్డ చుట్టి ఉంది.]

ఈ రెండింటినీ దగ్గరగా చూడండి. ఎడమ పక్కది 3 డిగ్రీలు చూపిస్తోంది. కుడి పక్కదానికి తడిగుడ్డ. ఆ తడి ఆరేటప్పుడు వేడిని లాక్కుంటుంది కాబట్టి పాదరసం ఇంకా కిందికి దిగుతుంది. స్నానం చేసి ఫ్యాన్ కిందికి వస్తే వణుకు వచ్చేది ఇందుకే. గాలిలో తేమ 50 శాతం ఉన్న రోజు, మామూలు థర్మామీటర్ 3 చూపిస్తుంటే తడిగుడ్డది సున్నా కంటే ఓ పిసరు కిందికి వస్తుంది. తేమ 100 శాతం ఉంటే రెండూ 3 దగ్గరే ఆగుతాయి.

రాలుతున్న మంచు రేకు పరిస్థితి తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ లాంటిదే. పొడి గాలిలో కొంచెం ఆవిరైపోతూ తనని తాను చల్లబరుచుకుంటుంది. అందుకే 3 డిగ్రీల్లో ఒకచోట మంచు, అదే 3 డిగ్రీల్లో ఇంకోచోట వాన. ఫోర్‌కాస్టర్లు మామూలు ఉష్ణోగ్రత కన్నా ఈ తడి థర్మామీటర్ అంకెనే ఎక్కువ నమ్ముతారు. నన్నడిగితే యాప్‌లు కూడా దీన్నే చూపించాలి. చూపించవు, ఎందుకంటే వివరించడం కష్టం.

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన భాగం.

[గ్రాఫిక్: ఇరుకైన లోయ. రేకులు దట్టమయ్యేకొద్దీ 0° గీత కిందికి జారుతోంది.]

కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడి ఎక్కడిది? చుట్టూ ఉన్న గాలిది. అంటే రాలే ప్రతి రేకూ కరుగుతూ కరుగుతూ గాలిని కాస్త చల్లార్చి పోతుంది. చిన్న జల్లయితే లెక్కలోకి రాదు. గంటల తరబడి దంచికొడితే మాత్రం సున్నా గీత మెల్లగా కిందికి జారుతుంది, ఒక్కోసారి కొన్ని వందల మీటర్లు. ఇరుకు లోయల్లో ఇది ఇంకా జోరుగా జరుగుతుంది. అక్కడ చల్లార్చాల్సిన గాలి తక్కువ, చల్లబడింది బయటికి పోయే దారీ తక్కువ.

సాయంత్రం ఆరింటికి లోయలో వాన, 2 డిగ్రీలు. కొత్తగా చలిగాలి ఏదీ రాలేదు. ఎనిమిదింటికి వాన బలం పెరిగింది. తొమ్మిదింటికి మంచు. పక్కనే ఉన్న వెడల్పాటి లోయలో మాత్రం ఇంకా వానే. ఊరివాళ్లు చలి పెరిగి మంచు పడింది అంటారు. నిజానికి జరిగింది తిరగబడి: మంచే వచ్చి చలిని పెంచింది.

ఫోర్‌కాస్టర్‌కి తలనొప్పి ఇక్కడే. ఎంత జోరుగా పడుతుందో సరిగ్గా చెప్పలేకపోతే, ఎంత చల్లబడుతుందో కూడా చెప్పలేడు. ఒక తప్పు రెండు తప్పులవుతుంది.

కంప్యూటర్లు ఉన్నాయిగా అంటారా? ఉన్నాయి. కానీ అవి చూసే కొండ మనం చూసే కొండ కాదు. వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని మోడల్ అంటారు. అది భూమిని గళ్లుగా కోసి, గడికి ఒక ఎత్తు వేసుకుంటుంది. యూరప్ వాళ్ల ప్రపంచవ్యాప్త మోడల్‌లో గడి సుమారు 9 కిలోమీటర్లు. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ ఊరు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది, మాటర్‌హార్న్ శిఖరం 4,478 మీటర్లు. రెండింటి మధ్య సూటిగా కొలిస్తే 9 కిలోమీటర్ల లోపే. అంత పదునైన శిఖరం ఆ మోడల్ కంటికి గుండ్రంగా అరిగిపోయిన దిబ్బలా కనిపిస్తుంది. అందుకే స్విస్ వాతావరణ సంస్థ సొంతంగా 1 కిలోమీటరు గళ్ల మోడల్ నడుపుకుంటుంది. యాప్‌లో మీ ఊరి పేరు కింద కనపడే ఉష్ణోగ్రత ఏ ఎత్తుకి లెక్కేసిందో ఎప్పుడైనా చూశారా? మీ ఊరి ఎత్తుకే అన్న గ్యారంటీ లేదు.

ఆ యూరప్ మోడల్‌నే ఒకసారి కాదు, మొదలుపెట్టే అంకెల్ని కొద్దికొద్దిగా మారుస్తూ 51 సార్లు నడుపుతారు. అందులో 40 మంచు అని, 11 వాన అని చెప్తే, అది కాస్త గట్టి మాట. సగం సగం వస్తే నిజాయితీ గల ఫోర్‌కాస్టర్ ఆ మాటే చెప్తాడు. మనకి మాత్రం అవునో కాదో తేల్చి చెప్పేవాడే నచ్చుతాడు.

జరుగుతున్నదాన్ని కనిపెట్టడానికి రాడార్ సాయం ఉంది. కరుగుతున్న రేకు పైన నీటి పొర కట్టి ఉంటుంది కాబట్టి రాడార్‌కి అది పెద్ద చినుకులా మెరుస్తుంది. కరిగే ఎత్తు దగ్గర తెరమీద ఒక మెరిసే పట్టీ వస్తుంది. కొండ అడ్డం వస్తే ఆ పట్టీ కూడా కనపడదనుకోండి.

ఎన్ని సెంటీమీటర్లు అన్నది ఇంకో గొడవ. పాత లెక్క ప్రకారం 10 మిల్లీమీటర్ల నీరు 10 సెంటీమీటర్ల మంచు. సున్నా దగ్గర పడే తడి మంచు అందులో సగమే లేస్తుంది. మైనస్ 15 దగ్గర పెరిగే నక్షత్రాల్లాంటి రేకులు ఒకదాని మీద ఒకటి ఎడంగా కూర్చుని రెట్టింపు లేస్తాయి.

[దృశ్యం: పచ్చటి ఆకులతో ఉన్న ఆపిల్ కొమ్మ, దాని మీద తెల్లగా మంచు. కొమ్మ వంగి ఉంది.]

ఇంత గొడవ ఎందుకంటే, తొందరపడి వచ్చిన మంచు ఎవర్నీ సిద్ధంగా ఉండనివ్వదు. ఎండు కొమ్మ మీద పడిన మంచు చాలావరకు జారిపోతుంది. ఆకులున్న కొమ్మ మీద ప్రతి ఆకూ ఒక దోసిలి. 2018లోనూ, మళ్లీ 2019లోనూ నవంబర్ మొదటి వారంలోనే కాశ్మీర్ లోయలో బరువైన తడి మంచు పడి ఆపిల్ చెట్లు విరిగిపోయాయి. అక్కడ మంచు తెచ్చేవి వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు, పడమటి గాలుల్లో మధ్యధరా సముద్రం వైపు నుంచి కొట్టుకొచ్చే తుఫాను వ్యవస్థలు. అంత దూరం నుంచి వస్తాయి కాబట్టి వస్తున్నాయని కొన్ని రోజుల ముందే చెప్పొచ్చు. తోట ఉన్న ఎత్తులో వానా మంచా అన్నది మాత్రం చివరి రోజు దాకా తేలకపోవచ్చు.

అమెరికాలో సౌత్ డకోటా బ్లాక్ హిల్స్ కొండల్లో 2013 అక్టోబర్ మొదట్లో ఇంకా ఘోరం. లీడ్ అనే ఊరి దగ్గర 140 సెంటీమీటర్ల మంచు పడింది. ఆ చుట్టుపక్కల వేలాది పశువులు చనిపోయాయి. అవి ఇంకా వేసవి మేత బీళ్లలోనే ఉన్నాయి, చలికాలపు బొచ్చు రాలేదు. ముందు వాన పడి ఒళ్లంతా తడిసింది, తర్వాత అదే తడి మీద గాలీ మంచూ. మొదటి నుంచీ మంచే పడి ఉంటే అంత తడిసేవి కావు.

మంచు ఆగాక ఉష్ణోగ్రత సంగతి. మబ్బు విడిపోయిన మొదటి రాత్రే అసలు చలి. కొత్త మంచు ఎండలో 80, 90 శాతాన్ని తిప్పి కొట్టేస్తుంది, రాత్రి నేల వేడిని పైకి రానివ్వదు. చల్లటి గాలి బరువు కాబట్టి వాలు వెంట జారి గిన్నెలాంటి లోయల్లో నిలవ ఉంటుంది. యూటాలో పీటర్ సింక్స్ అనే అలాంటి గిన్నెలో 1985 ఫిబ్రవరి 1న మైనస్ 56.3 నమోదైంది. అలాంటి రాత్రుల్లో కొండ మీదికి వెళ్తే చలి తగ్గుతుంది, ఇందాకటి ఆరున్నర డిగ్రీల లెక్క తలకిందులు.

దీనికి పూర్తి రివర్స్, కొండ దాటి దిగే గాలి. కిందికి దిగే గాలి నొక్కుకుపోయి కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. అదే బ్లాక్ హిల్స్‌లో స్పియర్‌ఫిష్ అనే ఊళ్లో 1943 జనవరి 22 ఉదయం మైనస్ 20 ఉన్నది రెండు నిమిషాల్లో ప్లస్ 7 అయింది. రెండు గంటల లోపే మళ్లీ మైనస్ 20కి పడిపోయింది. ఇలాంటి రోజు సగటు ఉష్ణోగ్రత అంటూ ఒక అంకె చెప్తే దానికి అర్థమేముంది?

[దృశ్యం: మంచులో నడుము లోతు గొయ్యి. చేతి తొడుగులో అడుగు పొరలోంచి తీసిన గుప్పెడు మంచు.]

ఇక, ముందే పడిన మంచు కరగకుండా పల్చగా మిగిలిపోతే అది ఇంకో కథ. నేల ఇంకా వేసవి వేడితో సున్నా దగ్గరే ఉంటుంది. పైన గాలి మైనస్ 15. మధ్యలో ఉన్నది 30 సెంటీమీటర్ల మంచు. అంటే 10 సెంటీమీటర్లకి 5 డిగ్రీల తేడా. ఒక్క డిగ్రీ తేడా ఉంటేనే చాలు, అడుగున ఆవిరి పైకి పాకుతూ రేకుల ఆకారం మార్చేస్తుంది. కొన్ని వారాలకి అవి పలకలు తేలి, ఒకదానికొకటి అతుక్కోని పంచదార పలుకులవుతాయి.

చూడండి, ఈ గుప్పెడు మంచుని ఎంత పిసికినా ఉండ కట్టట్లేదు. వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. దీని మీద డిసెంబర్‌లో ఒక మీటరు, జనవరిలో ఇంకో మీటరు పడుతుంది. పైనుంచి చూసేవాళ్లకి గట్టిగా, తెల్లగా, నున్నగా ఉంటుంది. కానీ అడుగున ఈ పట్టులేని పొర జారితే పైనున్నదంతా ఒక్కసారిగా వాలు వెంట కూలిపోతుంది, అదే అవలాంచ్. అందుకే అవలాంచ్ హెచ్చరికలు ఇచ్చేవాళ్లు జనవరిలో కూడా నేల దాకా తవ్వి, నవంబర్‌లో పడినదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తారు.