ఇంగ్లీషు మాస్టార్లు, ఒక సంఘం, కొన్ని వేరుశెనక్కాయలు

శ్రోతలకు నమస్కారం.

డాక్టర్లకు సంఘం ఉంది. లాయర్లకు ఉంది. మా ఊళ్లో ఆటోవాళ్లకు స్టాండుకొక సంఘం ఉంది. ఇంగ్లీషు మాస్టార్లకూ ఒక సంఘం ఉంది, దానికి యాభై ఏళ్లు దాటాయి అని చెప్తే మాత్రం చాలామంది "ఎందుకండీ, జీతాలు పెంచమనా?" అని అడుగుతారు. జీతాల కోసం వేరే సంఘాలున్నాయి. వాటికి జెండాలూ ఉన్నాయి. నేను చెప్పబోయేది జెండా లేని సంఘం గురించి. పాఠం ఎలా చెప్పాలో మాట్లాడుకోవడానికి పెట్టుకున్న సంఘం.

దాని పేరు ఇంగ్లీష్ లాంగ్వేజ్ టీచర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు? ఎల్టాయ్ అంటాం. పేరులో ఇండియా ఉన్నా పుట్టింది మద్రాసులో. 1974 ఆగస్టు 7న రిజిస్టరైంది. రిజిస్టర్ చేయించినాయన ఎస్. నటరాజన్ గారు, ఉపాధ్యాయుల నాయకుడు, పద్మశ్రీ అందుకున్న విద్యావేత్త. ఇందులో నాకు ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. ఆ సంఘం పత్రిక సంఘం కంటే తొమ్మిదేళ్లు పెద్దది. ఇంగ్లీషు బోధన గురించిన ఆ పత్రిక 1965 నుంచే మద్రాసులో వస్తోంది. అప్పుడు దాన్ని నడిపింది విద్యాభివృద్ధి కోసం పెట్టుకున్న మరో సొసైటీ. తర్వాత అదే ఎల్టాయ్ పత్రిక అయింది. ఊరు వెలవకముందే పోస్టాఫీసు వెలిసినట్టు!

ఆలోచిస్తే అదేమంత విడ్డూరం కాదు. ఒక పల్లెటూరి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు ఒక్కడే ఉండేవాడు. లెక్కల మాస్టారికి సైన్సు మాస్టారు తోడు. తెలుగు పండితుడికి ఊరంతా తోడు. ఇంగ్లీషు మాస్టారికి ఎవరు? ఇంకో ఊళ్లో ఉన్న ఇంకో ఇంగ్లీషు మాస్టారు. ఆయన దగ్గరికి వెళ్లాలంటే బస్సు, ఆయన మాట రావాలంటే పోస్టు. అందుకే ముందు పత్రిక వచ్చింది, వెనక సంఘం వచ్చింది.

ఆ రోజుల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. స్వతంత్రం వచ్చాక ఇంగ్లీషు ఉంటుందా పోతుందా అన్న చర్చ ఒక పక్క నడుస్తూనే ఉంది. బళ్లలో చెప్పేవాళ్లకు సరైన తర్ఫీదు లేదన్న దిగులు ఇంకో పక్క. 1958లో మన హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇవాళ ఇఫ్లూ అని పిల్చుకుంటున్న యూనివర్సిటీ అదే. మొదటి రోజుల్లో దానికి డైరెక్టరుగా ఉన్న గోకాక్ గారు కన్నడ కవి. ఇంగ్లీషు చెప్పడం నేర్పే సంస్థను ఒక కన్నడ కవి నడిపాడంటే నాకెందుకో చాలా ధైర్యంగా ఉంటుంది.

1959లో మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ కౌన్సిల్ సాయంతో పెద్ద శిక్షణ మొదలుపెట్టారు. లెక్క ఎంతో తెలుసా? 27,000 మంది ప్రైమరీ టీచర్లు. కొద్దిమందికి బాగా నేర్పాలి, వాళ్లు ఇంకొందరికి నేర్పాలి, ఆ ఇంకొందరు మరికొందరికి. దీనికి 'స్నోబాల్' అని పేరు పెట్టారు. మంచు ఉండ దొర్లేకొద్దీ పెరుగుతుంది కదా అని. మంచు ఉండ వాళ్ల దేశంలో పెరుగుతుంది. మద్రాసు ఎండలో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పనికిరాలేదని అనను. ఎన్నో వేలమంది ఆ దారినే వచ్చారు. కానీ పై మాస్టారు చెప్పింది కింది మాస్టారిదాకా వచ్చేసరికి ఎంతో కొంత కారిపోతుంది. నేనూ ఇలాంటి శిక్షణల్లో కింది వరసలో కూర్చున్నవాణ్ణే. నాకు దక్కింది చేతిలో తడి మాత్రమే.

శిక్షణ పైనుంచి వస్తుంది. సంఘం పక్కనుంచి వస్తుంది. ఈ మాట ఇంకోసారి అంటాను, ఏమీ అనుకోకండి. శిక్షణ పైనుంచి వస్తుంది, సంఘం పక్కనుంచి వస్తుంది.

లండన్లోనూ ఇలాగే జరిగింది. 1967లో డబ్ల్యూ. ఆర్. లీ అనే ఆయన అక్కడ ఇలాంటి సంఘమే పెట్టాడు. ఇప్పుడు దాన్ని అయాటెఫెల్ అంటారు. మొదట్లో పేరులో 'ఇంటర్నేషనల్' లేదు, 1971లో తగిలించుకున్నారు. మన ఎల్టాయ్‌కి దానితో అనుబంధం ఉంది. అదలా ఉంచండి.

అసలు పక్కనుంచి వచ్చే మాట ఎంత దూరం పోతుందో చెప్పడానికి లండన్ దాకా ఎందుకు, విశాఖపట్నం చాలు. 1906, 1907 ప్రాంతం. జె. ఏ. యేట్స్ అనే దొర మన ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి. ఎందుకిలా అని ఆయనకు సందేహం వచ్చింది. ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. దీనికి జవాబు చెప్పగలిగింది విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు అని అయ్యంగారు చెప్పారు. ఇంగ్లండులో వాడుక భాషకు ఎలా పీట వేశారో, అక్కడ భాష ఎలా నేర్పుతున్నారో ఈ నలుగురూ చర్చించుకున్నారు. వ్యావహారిక భాషోద్యమానికి అక్కడ నిప్పు రాజుకుంది. ఇంగ్లీషు ఎలా చెప్పాలన్న ఆలోచనలోంచి మన తెలుగు బాగుపడింది. ఈ నలుగురికీ రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ట్రెజరర్ లేడు. నా లెక్కలో మాత్రం అదీ ఒక ఉపాధ్యాయ సంఘమే.

సరే, ఇప్పుడు నా కథ.

1993లో నేను తెనాలికి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తున్నాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎనిమిది మందిమి నెలకొక శనివారం సాయంత్రం తెనాలిలో ఒక స్కూలు గదిలో కలుసుకునేవాళ్లం. చందా లేదు, అధ్యక్షుడు లేడు. వంతులవారీగా ఒకరు ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తేవాలి. అదొక్కటే నియమం. మాలో అందరికంటే పెద్దాయన ఎల్టాయ్ సభ్యుడు. ఆయనకు పోస్టులో వచ్చిన పత్రిక ఎనిమిది చేతులు మారి, అట్ట ఊడి, మళ్లీ ఆయన దగ్గరికి చేరేది. పిన్నుల చుట్టూ వేరుశెనగ తొక్కల పొడి ఉండేది.

మాలో ఇంకొకాయన బెంగళూరు వెళ్లి వచ్చాడు. అక్కడ దక్షిణాది రాష్ట్రాల టీచర్లకు ఇంగ్లీషు శిక్షణ ఇచ్చే రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1979 నుంచి 1984 దాకా అక్కడ ఎన్. ఎస్. ప్రభు అనే ఆయన ఒక ప్రయోగం నడిపారు. ప్రపంచమంతా దాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటుంది. ప్రభు గారి వాదన వినడానికి సులువు. వ్యాకరణం వరసగా చెప్పకండి. పిల్లవాడికి ఒక లెక్క తేల్చే పని ఇవ్వండి. మ్యాపు ఇవ్వండి, రైలు టైంటేబుల్ ఇవ్వండి. వాడి బుర్ర ఆ పనిమీద ఉండగా భాష దానంతటది లోపలికి దిగుతుంది. ముందు క్లాసు మొత్తంతో కలిసి అలాంటి పని ఒకటి చేయించాలి, తర్వాత ఇంకొకటి వాళ్లంతట వాళ్లను చేయనివ్వాలి. మార్కులు విషయానికే, వ్యాకరణానికి కాదు. సగం మంది పిల్లలు సగం పనైనా సరిగ్గా చేస్తే ఆ పాఠం నడిచినట్టు. ఈ చివరి మాట విన్నప్పుడు నాకు గుండెలమీద బరువు దిగినట్టయింది. సగం మంది, సగం పని. అప్పటిదాకా నూటికి నూరు రావాలని నేనెంత టెన్షన్ పడ్డానో!

తెనాలి రైల్వే జంక్షను. మా పిల్లల్లో సగం మందికి రైలు కూతే గడియారం. నేను స్టేషన్‌కి పోయి బళ్ల వేళలు చిత్తు కాగితం మీద రాసుకొచ్చి తొమ్మిదో తరగతి బోర్డుమీద ఎక్కించాను. ఎక్స్‌ప్రెస్‌లు రెండు, ప్యాసింజర్లు రెండు. పక్కన టికెట్ల ధరలు. ప్రశ్న ఇది: ఒంగోలులో పొద్దున 10 గంటలకు పెళ్లి. మీ నాన్న దగ్గర డబ్బు తక్కువ. తెనాలిలో ఏ బండి ఎక్కాలి? ఎందుకు?

నేను అనుకున్న జవాబు ప్యాసింజర్. టికెట్ తక్కువ, బోర్డు ప్రకారం అరగంట ముందే ఒంగోలు చేరుతుంది. లెక్క సరిపోయింది. క్లాసులో తెలివైన పిల్లలంతా ప్యాసింజర్ అని రాసి కూర్చున్నారు.

వెనక బెంచీలో ఒకడున్నాడు. అప్పటిదాకా నా క్లాసులో వాడు ఇంగ్లీషులో నోరు తెరిచింది 'ప్రెజెంట్ సార్' అనడానికే. వాళ్ల బాబాయి ప్యాసింజర్‌లో జామకాయలు అమ్ముతాడు. సెలవుల్లో వీడూ బుట్ట పట్టుకుని వెనకాల వెళ్తాడు. వాడు లేచి నిలబడ్డాడు.

"ప్యాసింజర్ నో సార్" అన్నాడు.

నేను బోర్డు చూపించాను. టైము చూడరా అన్నాను.

"బోర్డ్ టైమ్ నో సార్. ప్యాసింజర్ డైలీ లేట్. మ్యారేజ్ ఓవర్!"

క్లాసంతా గొల్లుమంది. ముందు బెంచీ అమ్మాయి ఊరుకోలేదు, "టికెట్ చీప్ సార్" అని లేచింది. వీడు ఊరుకుంటాడా? "చీప్ టికెట్, నో భోజనం" అన్నాడు. ఇక చూడండి, పది నిమిషాలు క్లాసు క్లాసంతా ఇంగ్లీషులో పోట్లాడుకున్నారు. ఇంగ్లీషనే అనుకుందాం. ఒక్క వాక్యంలో క్రియ లేదు. కానీ ఒక్కడు గైడు చూడలేదు, ఒక్కడు బట్టీ అప్పజెప్పలేదు. నా పదేళ్ల ఉద్యోగంలో పిల్లలు నాతో ఇంగ్లీషులో వాదించడం అదే మొదటిసారి.

గంట కొట్టాక నాకొక చిక్కు వచ్చిపడింది. వాడికి మార్కులు వెయ్యాలా వద్దా? బోర్డు ప్రకారం వాడు తప్పు. లోకం ప్రకారం వాడొక్కడే రైటు.

ఆ నెల శనివారం మీటింగులో ఇదే పెట్టాను. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఇచ్చిన సమాచారంలోంచి జవాబు చెప్పాలి మాస్టారూ. పబ్లిక్ పరీక్షలో పేపరు దిద్దేవాడికి వాళ్ల బాబాయి తెలుసా?" అన్నారు. బెంగళూరు వెళ్లొచ్చినాయన, "అదేంటండీ, పిల్లవాడు ఆలోచించాడు, కారణం చెప్పాడు, మనం అడిగింది అదేగా" అన్నాడు. మాలో ఒక టీచరుగారుండేవారు, తక్కువ మాట్లాడేవారు. ఆవిడ శెనక్కాయ ఒలుస్తూ, "మార్కుల సంగతి సరే, మర్నాడు వాడు మాట్లాడాడా మాస్టారూ?" అని అడిగారు.

మాట్లాడలేదు. ఆ సంగతి నాకప్పుడే తట్టింది. మర్నాడు నేను మళ్లీ పుస్తకంలో పద్యం తీశాను. వాడు మళ్లీ 'ప్రెజెంట్ సార్' దగ్గర ఆగిపోయాడు. పాఠం బాగా నడిచిందని గొప్పగా చెప్పుకోవడానికి వెళ్లిన నేను, అది ఒక్కరోజు ముచ్చట అని తెలుసుకుని వచ్చాను. ఈ ప్రశ్న ఏ శిక్షణలోనూ నన్నెవరూ అడగలేదు. అడగలేరు కూడా. నా క్లాసు లాంటి క్లాసులో రోజూ నిలబడేవాళ్లకే అది తోస్తుంది.

ఆ తర్వాత సంఘాలు పెరిగాయి. ఎల్టాయ్‌కి ఊరూరా శాఖలు వచ్చాయి, ఏటా పెద్ద సభ జరుగుతుంది, పత్రిక రెండు నెలలకొకసారి వస్తూనే ఉంది. మంచిదే. నేనూ కొన్ని సభలకు వెళ్లాను. ఒకటి మాత్రం మనసులో ఉంచుకోలేను. 2010 తర్వాత యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ నిబంధనల్లో కాలేజీ లెక్చరర్లకు పాయింట్ల లెక్క వచ్చింది. సెమినారుకు ఇన్ని, పేపరు చదివితే ఇన్ని. ఒక సభలో చూశాను, ఊరు పేరు వద్దులెండి. హాల్లో పేపరు చదివే అమ్మాయి ఎదురుగా ఆరుగురున్నారు. బయట సర్టిఫికెట్ల బల్ల దగ్గర లైను భోజనాల లైనును దాటిపోయింది. ఆ అమ్మాయి చదివింది బాగుంది కూడా. పల్లెటూరి పిల్లలు డిక్టేషన్ ఎందుకు తప్పు రాస్తారో ఉదాహరణలతో చెప్పింది. ఒక్కరు ప్రశ్న అడగలేదు. నేను అడుగుదామనుకునేలోపు బెల్లు కొట్టారు.

ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇరవై ఏళ్లు తెలుగులో లెక్కలు, సైన్సు చెప్పిన టీచర్లు ఎదురు పేజీ వైపు తిరగాల్సి వచ్చింది. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది ఇవాళ్టి ప్రసంగం కాదు. అంటే ఇప్పుడు ఇంగ్లీషు మాస్టారు ఊరికి ఒక్కడు కాదు, బడిలో ఉన్న అందరూ అంతో ఇంతో ఇంగ్లీషు మాస్టార్లే. ఆ ఒంటరితనం మాత్రం అలాగే ఉంది.

వింటున్నవాళ్లలో టీచర్లుంటే ఒక్క పని చెప్తాను. ఒక్కటే. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు ఎలాగూ వెళ్తారు. అది అయిపోయాక అరగంట ఆగండి. నలుగురున్నా చాలు. ప్రతివాళ్లూ ఆ నెలలో తమ క్లాసులో నడవని పాఠం ఒకటి చెప్పాలి. నడిచిన పాఠం కాదు, నడవని పాఠం. నడిచినవి చెప్పుకుంటే చప్పట్లు వస్తాయి, నడవనివి చెప్పుకుంటే ప్రశ్నలు వస్తాయి. ఫొటోలు తీసి గ్రూపులో పెట్టకండి. ఒక నోటుబుక్కు పెట్టుకుని తేదీ, పాఠం పేరు, ఎక్కడ ఆగిపోయిందో ఒక్క లైను రాయండి. అంతే. రాసే వంతు నెలకొకరిది.

మా తెనాలి నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరే ఉంది. మాలో కొందరికి బదిలీలయ్యాయి, కొందరు రిటైరయ్యారు, పెద్దాయన పోయారు. నిన్న ఈ ప్రసంగం రాసుకోవడానికి దాన్ని అటకమీంచి దింపాను. ప్యాసింజర్ సంగతి పెద్దాయన చేతిరాతలో ఉంది. మార్కులు వెయ్యకూడదని అంత వాదించిన మనిషి, కింద చిన్నక్షరాలతో 'రెండు మార్కులు వెయ్యొచ్చు' అని రాసుకున్నారు. నేను ఇన్నాళ్లూ చూడలేదు. చివరి పేజీలో ఒకే లైను ఉంది: వచ్చే నెల డిక్టేషన్, శెనక్కాయల వంతు ఎవరిది?

నమస్కారం.