ఉబ్వాలి కెలకడానికి బ్యాటరీ మిషన్! జాంబియా నుంచి నా రివ్యూ

అందరికీ వందనాలండీ. వెనకాల కోళ్ళ గోల వినిపిస్తే ఏమనుకోకండి, కరెంటు లేదు కాబట్టి వెలుతురు కోసం బయట కూర్చుని తీస్తున్నా. ఇదిగో ఈరోజు ఐటమ్, గిన్నెలో నిలబెట్టి బటన్ నొక్కితే దానంతటదే కెలికేసే మూడు కాళ్ళ మిషన్. ముందే చెప్పేస్తున్నా, ఇది ఊరికే పంపిన పీస్, హైదరాబాద్‌లో ఒక కంపెనీ వాళ్ళు మన ఛానెల్ చూసి ఇక్కడి రాజధాని లుసాకా వస్తున్న ఒక బ్రదర్ గారి సూట్‌కేస్‌లో పెట్టించారు. డబ్బులైతే ఇవ్వలేదు, ఇచ్చుంటే కొంచెం మెత్తగా మాట్లాడేదాన్నేమో. వాట్లు, బ్యాటరీ, స్పీడులు అవన్నీ వేరే వీడియోల్లో చూసేసుంటారు. నాకు కావాల్సింది ఒక్కటే, ఇది ఉబ్వాలి, అంటే ఇక్కడి సంగటి, కెలుకుతుందా లేదా.

కొత్తగా చూసేవాళ్ళకి, మేముండేది లువాపులా ప్రావిన్స్‌లో మాన్సా దగ్గర. మిషనరీలంటే పొద్దస్తమానం ప్రసంగాలే అనుకుంటారు మన ఊళ్ళో. పాస్టర్ గారి సంగతి ఏమో కానీ నాకు సగం రోజు పొయ్యి దగ్గరే అయిపోద్ది, ఎందుకంటే ఇక్కడ ఇంటికొచ్చిన మనిషికి ఉబ్వాలి పెట్టకుండా పంపితే ఏం బాగుంటుంది చెప్పండి. లుసాకా వైపు న్‌షిమా అంటారు, మా వైపు బెంబా భాషలో ఉబ్వాలి. మొక్కజొన్న పిండితో చేస్తారు, మా వైపు కర్రపెండలం పిండి కూడా కలుపుతారు. నేను కడప జిల్లా దాన్ని, మొదటిరోజు ప్లేట్‌లో చూడగానే ఓరి దేవుడా సంగటికి సున్నం వేశారు అనుకున్నా. తినడం కూడా అంతే, ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, కూర అద్దుకోవడం. తినేముందు ఇంట్లో పిల్లలెవరో చెంబూ బేసినూ పట్టుకొచ్చి అందరి చేతుల మీదా నీళ్ళు పోస్తారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఇంకో ఫ్యామిలీ అన్నం అన్నం అని నెలరోజులు బెంగపెట్టుకున్నారు పాపం, నాకా ఇబ్బందే రాలేదు.

సరే టెస్ట్. ఆదివారం ఆరాధన అయ్యాక ఎనిమిది మంది భోజనానికి ఉన్నారు. బొగ్గుల కుంపటి, దాన్ని ఇక్కడ ఇంబౌలా అంటారు, దానిమీద పెద్ద అల్యూమినియం గిన్నె పెట్టా. మొదట గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం పిండి కలిపి జావలా కాయాలి. ఇక్కడ మాత్రం మిషన్ సూపర్ అండీ, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క ఉండ కట్టలేదు. ఈ జావ ఉడికేటప్పుడు టప్ టప్‌మని ఎగిరి మోచేతుల మీద పడుద్ది, ఇదిగో ఈ మచ్చలు అవే, ఆ బాధ కూడా తప్పింది. నేను దూరంగా నిలబడి చేతులు కట్టుకుని చూస్తున్నా, మా సంఘంలో ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరి నవ్వుతున్నారు.

తర్వాత అసలు కథ. జావ ఉడికాక మిగతా పిండి పోస్తూ గట్టిపడేదాకా కెలకాలి, గిన్నె అంచుకేసి నొక్కి నొక్కి కెలకాలి, సంగటి చేసినవాళ్ళకి తెలుసు ఆ భుజం నొప్పి. పెండలం పిండి పడిందంటే జిగురు, సాగుద్ది. పిండి పోశా. మిషన్ కుయ్ఁ అంది. రెక్క ఆగిపోయింది. రెక్క ఆగినా మోటార్ ఆగలేదు, దాంతో మిషన్ మొత్తం గిన్నెలో గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది!! నీలం లైటు ఒకటి వెలుగుతూ ఆరుతూ. ఆపుదామని చెయ్యి పెట్టేలోపు ఒక కాలి రబ్బరు తొడుగు ఊడి ఉబ్వాలిలోకి పోయింది. ఎనిమిది మంది ఆకలి మీదున్నారు, నేను గరిటెతో రబ్బరు ముక్క వెతుకుతున్నా. చివరికి ఒక పెద్దావిడ వచ్చి, "బామాయో, జరగండి" అని నన్ను పక్కకి తోసి (మాయో అంటే అమ్మ, ముందు 'బా' మన 'గారు' లాంటిది, గౌరవంగానే తోసింది), ఉమ్‌వికోతో నాలుగు తిప్పులు తిప్పి ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

ఉమ్‌వికో అంటే ఇదే, చెక్క తెడ్డు. మార్కెట్‌లో కొన్నా. అంచు చూడండి, ఎలా పల్చగా చెక్కారో, గిన్నె అడుగు మొత్తం గీసుకొస్తుంది. మా అవ్వ దగ్గరున్న సంగటి తెడ్డుకి దీనికీ తేడా నేనైతే చెప్పలేను. మా జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళే 1900లో ఇక్కడ ఎంబెరేషిలో కూడా మిషనరీ కేంద్రం పెట్టారు, 1873లో ఈ దేశంలోనే చనిపోయిన మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ కూడా మొదట ఆ సొసైటీ మనిషిగానే ఆఫ్రికా వచ్చాడు. వాళ్ళ గురించి పుస్తకాలున్నాయి, ఇన్నేళ్ళు వాళ్ళకి గిన్నె కెలికిందెవరో మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

ఆరోజు కూర ఏంటని అడుగుతారని చెప్తున్నా, ఇఫిసాషి. ఆకుకూర ఉడికించి చెనిక్కాయల పొడి దండిగా వేస్తారు, అంతే, తాళింపు లేదు. నేను దొంగతనంగా రెండు ఎండుమిరపకాయలు వేస్తా. పక్కన చిసెన్సే, మ్వేరు చెరువులో పట్టి ఎండబెట్టే చిన్న చేపలు, మన నెత్తళ్ళ కంటే సన్నగా ఉంటాయి, టమాటా ఉల్లిపాయ వేసి ఇగురు చేస్తే ఉబ్వాలి ఇంకో ముద్ద ఎక్కువే పోద్ది. ఇఫిన్‌కుబాలా అని ఎండు గొంగళిపురుగులు కూడా పెడతారు. తిన్నా. కరకరలాడుతూ బానే ఉంటాయి, కళ్ళు మూసుకోవాలి మొదటిసారి.

మిషన్ దగ్గరికి వస్తే, నాకు ఇదేం కొత్త కాదు. ఇండియా నుంచి ఇండక్షన్ స్టవ్ మోసుకొచ్చా, 2024లో వానల్లేక కరీబా డ్యామ్ అడుగంటి కరెంటు రోజులో ఎక్కువ గంటలు పోయినప్పుడు దానిమీద టమాటాలు ఆరబెట్టా. మిక్సీ కూడా అంతే, ఇప్పుడు రోలే దిక్కు. తెచ్చినవాటిలో పనికొచ్చింది ప్రెషర్ కుక్కర్ ఒక్కటే, బీన్స్ తొందరగా ఉడుకుతాయి, బొగ్గు ఆదా. ఈ కెలికే మిషన్‌ని సోలార్ మీద ఛార్జ్ చేసుకోవచ్చు, అది నచ్చింది, ఒప్పుకుంటా. కానీ బాక్స్ మీద "గట్టి పిండి వంటలకు కూడా" అని అంత పెద్ద అక్షరాలతో రాశారు చూడండి, నాకు మండింది అక్కడే. హల్వా అనుకున్నారేమో గట్టి అంటే. జావకి, పాలకి, సేమ్యా పాయసానికి కొనుక్కోండి. సంగటి చేసేవాళ్ళు మాత్రం కొనొద్దు. కంపెనీ వాళ్ళు చూస్తుంటే, ఆ కాళ్ళ రబ్బర్లు గట్టిగా బిగించండి సార్, ఇంకోసారి వేరేవాళ్ళ నోట్లోకి పోద్ది.

అడిగేవాళ్ళ కోసం, తెడ్లు రెండు కొన్నా, ఒకటి మా అమ్మకి పంపుతున్నా, ఆ బ్రదర్ గారి సూట్‌కేస్‌లోనే. ఆ, లైటు వెలిగింది, కరెంటొచ్చింది! మోటార్ వేసి డ్రమ్ములు నింపుకోవాలి, మళ్ళీ ఎప్పుడు పోద్దో. ఉంటానండీ, వందనాలు.