మబ్బుకి ఆగ్నేయ మూల

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో డాలస్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు మన హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. అక్కడ ఏదో ఒక శనివారం కొడుకు అడగొచ్చు: "నాన్నా, ఓక్లహోమా వైపు వెళ్లి టోర్నడో చూసొద్దామా?" కారులో మూడు, మూడున్నర గంటల దారి. మానుకోమని నేను చెప్పను. కాకపోతే ఎక్కడ నిలబడాలో తెలిసి వెళ్లాలి. ఇవాళ్టి మాట అదొక్కటే: ఎక్కడ నిలబడాలి.

గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తడిగాలి, రాకీ పర్వతాల వైపు నుంచి పొడిగాలి, ఆ పైన జెట్ ప్రవాహం, అంటే చాలా ఎత్తున జోరుగా వీచే గాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ మూడూ ఓక్లహోమా వైపు మైదానాల మీద కలుస్తుంటాయి, టోర్నడోలు పుట్టేది అలాగే. ఏ రోజు ఎక్కడ ప్రమాదం ఉందో ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్, అంటే తుఫాన్లని ముందే అంచనా వేసే సంస్థ, ఐదు మెట్లలో మ్యాపు గీసి చెబుతుంది. పొద్దున్నే అది చూసి బయల్దేరాలి.

ఇక మబ్బు. వాస్తు చూసే మనకి దిక్కులు వేరే నేర్పక్కర్లేదు. టోర్నడోని పుట్టించే పెద్ద మబ్బుని ఒక ఇల్లనుకోండి. మామూలుగా అది ఈశాన్యం వైపు కదులుతుంది. కుండపోత, వడగళ్లు ఉత్తరాన, ఈశాన్యాన పడతాయి. సుడి దిగేది నైరుతి మూల, వాన లేని నల్లటి అడుగుభాగం కింద. చూసేవాళ్ల చోటు ఆగ్నేయం. వంటిల్లు ఉండే మూలే! అక్కడి నుంచి వాయవ్యానికి చూస్తే సుడి కనబడుతుంది, నెత్తిన వడగళ్లు పడవు, దక్షిణానికి దారి ఖాళీగా ఉంటుంది.

ఈ లెక్క తప్పిన రోజు ఒకటుంది. 2013 మే 31, ఓక్లహోమా సిటీకి పడమరన ఉన్న ఎల్ రీనో అనే ఊరు. అక్కడికి వెళ్లిన టిమ్ సమరాస్, టోర్నడోల వెంటపడి పరిశోధించే మనిషి, సామాన్యుడు కాదు. 2003లో సౌత్ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర టోర్నడో దారిలో యంత్రం పెట్టి, గాలి పీడనం 100 మిల్లీబార్లు పడిపోవడం కొలిచినవాడు. ఆ సాయంత్రం కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్‌తో చిన్న కారులో, కంకర రోడ్డు మీద తూర్పుకి పోతున్నాడు. సుడి వాళ్లకి దక్షిణాన ఆగ్నేయం వైపు సాగుతోంది. ఉన్నట్టుండి ఉత్తరానికి మళ్లింది, వేగం పెంచింది, వెడల్పయింది. ఎంత వెడల్పంటే 4.2 కిలోమీటర్లు! చార్మినార్ నుంచి అసెంబ్లీ దాకా తిన్నగా గీత గీస్తే ఇంచుమించు అంత. వానలో దాని అంచు ఎక్కడుందో కంటికి ఆనలేదు. ముగ్గురూ పోయారు.

అంత అనుభవం ఉన్న మనిషికే అలా అయింది. అందుకే ఉత్తరం వైపు ఉండొద్దు, ఉత్తరం వైపు ఉండొద్దు అని రెండుసార్లు చెబుతున్నాను.

ఫోన్లో రాడార్ ఉందిగా అంటారు. ఆ బొమ్మ చాలాసార్లు ఐదు నిమిషాల పాతది. మబ్బు గంటకి 60 కిలోమీటర్లు పోతుంటే, బొమ్మలో ఉన్నచోటు దాటి అప్పటికే 5 కిలోమీటర్లు వచ్చేసి ఉంటుంది. రాడార్ దారి పట్టుకోవడానికే. దగ్గరికొచ్చాక కళ్లే దిక్కు.

పెట్రోలు సగానికి వచ్చిందంటే నింపేయండి. కరెంటు పోతే బంకు పనిచేయదు. అక్కడ పొలాల మధ్య రోడ్లు మైలుకొకటి గళ్ల కాగితంలా ఉంటాయి. చాలావాటికి తారు ఉండదు, తడిస్తే చక్రాలు దిగబడతాయి. తారు రోడ్డు పక్కనే, బండి ముక్కు దక్షిణానికి పెట్టి ఆపండి. ఫ్లైఓవర్ కింద మాత్రం దాక్కోవద్దు, ఆ ఇరుకులో గాలి ఇంకా ఉధృతమవుతుంది. చీకటి పడితే వెనక్కి వచ్చేయండి.

చివరిగా, సుడి కనబడగానే దాన్ని ఒక కరెంటు స్తంభంతో కలిపి చూడండి. స్తంభానికి కుడికో ఎడమకో జరుగుతుంటే అది వేరే దారిన పోతోంది. జరగకుండా అక్కడే ఉండి లావెక్కుతోందా, మీ మీదికే వస్తోంది. ఫోటో సంగతి వదిలేసి దక్షిణానికి బండి తీయండి.

నమస్కారం.