షాక్‌లోకి జారిన గుండెకు పంపు: ఎవరికి, ఎప్పుడు?

అందరికీ నమస్కారం. ఈరోజు తిరుపతికి పీలేరు, పాకాల, శ్రీకాళహస్తి వైపు నుంచి నర్సులు, 108 సిబ్బంది చాలామంది వచ్చారు. అందుకే మిషన్ల కంటే ముందు, పేషెంట్‌ను మొదట చూసే మీ గురించి మాట్లాడతాను.

గుండెపోటు వచ్చిన మనిషికి పై బీపీ 90 లోపు పడి లేవడం లేదు. పాదాలు ముట్టుకుంటే చల్లగా, చెమటగా ఉన్నాయి. గంటకు 30 ఎం.ఎల్. మూత్రం కూడా రావడం లేదు. మాట పొంతన లేకుండా పోతోంది. అది కార్డియోజెనిక్ షాక్, అంటే ఒంటికి సరిపడా రక్తాన్ని గుండె పంపలేకపోవడం. గుండెపోటు వచ్చినవాళ్లలో నూటికి ఐదు నుంచి పదిమందికి ఇలా అవుతుంది. పెద్దాసుపత్రికి చేరినా వాళ్లలో సగానికి దగ్గరగా దక్కడం లేదు.

మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరవడమే అసలు వైద్యం. 1999లో 'షాక్' అనే పేరున్న ట్రయల్ ఫలితాలు వచ్చాక ఇందులో అనుమానం లేదు. కానీ తెరిచిన వెంటనే గుండె కోలుకోదు, కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులు గట్టెక్కించడానికే పంపులు.

గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో (బృహద్ధమనిలో) గుండె లయకు తగ్గట్టు ఉబ్బి, ముడుచుకునే బెలూన్ పంపును ఎన్నో ఏళ్లు నమ్మకంగా పెట్టాం. 2012లో జర్మనీలో 600 మందిపై పరీక్షిస్తే, నెలలోపు మరణాలు పెట్టినవాళ్లలో 39.7 శాతం, పెట్టనివాళ్లలో 41.3 శాతం. తేడా లేనట్టే. రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి, తిరిగి ఒంట్లోకి పంపే ఎక్మో సంగతీ 2023లో అంతే తేలింది, పైగా రక్తస్రావం ఎక్కువైంది.

2024లో వచ్చిన 'డేంజర్ షాక్' అనే ట్రయల్ ఫలితాలు మాత్రం నాకు నిజంగా ఆశ కలిగించాయి. ఇంపెల్లా అనే సన్నటి పంపు తొడ దగ్గరి ధమని గుండా వెళ్లి, ఎడమ జఠరికలోని (గుండె ఎడమ కింది గదిలోని) రక్తాన్ని లాగి బృహద్ధమనిలో వదులుతుంది. ఆరు నెలలకు మరణాలు 58.5 శాతం నుంచి 45.8కి తగ్గాయి. అయితే ఎవరిని చేర్చుకున్నారో చూడాలి. ఎస్‌టీ ఎలివేషన్ గుండెపోటుతో (ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచే పెద్ద గుండెపోటుతో) ఎడమ జఠరిక బాగా దెబ్బతిన్నవాళ్లనే తీసుకున్నారు. గుండె ఆగి, మళ్లీ కొట్టుకున్నా స్పృహ రానివాళ్లను తీసుకోలేదు. 360 మంది దొరకడానికే పదేళ్లు పట్టింది. డయాలసిస్ అవసరమైనవాళ్లు 26.7 శాతం నుంచి 41.9కి పెరిగారు. కాలికి రక్తం అందని కేసులూ పెరిగాయి. కాబట్టి ఐసీయూలో ఉన్నవాళ్లు పంపు పెట్టిన కాలిపై దుప్పటి తీసి గంటగంటకూ చూడాలి: రంగు, వేడి, పాదం మీద నాడి.

"ఎకరా అమ్మైనా కడతాం సార్, మిషన్ పెట్టి మా నాయన్ని బతికించండి" అని కొడుకులు చేతులు పట్టుకుంటారు. ఆ మిషన్‌కు లక్షల్లో ఖర్చు. మెదడు అప్పటికే దెబ్బతిన్న మనిషికి పంపు పెట్టినా ప్రయోజనం ఉండదని మనకు తెలిసినప్పుడు, ఆ మాట కూర్చోబెట్టి, నెమ్మదిగా, మనమే చెప్పాలి. పొలం అమ్మించకూడదు.

పంపు పనికొచ్చే మనిషిని మాత్రం ఆలస్యంగా పంపకండి. మూత్రపిండాలు, కాలేయం చెడిపోయాక వస్తే ఏ పంపూ పెద్దగా చేయలేదు. షాక్ అనుమానం రాగానే అంబులెన్స్ బయల్దేరకముందే, రక్తనాళాలు తెరిచే క్యాథ్‌ల్యాబ్‌కు ఫోన్ చేయండి, ఈసీజీ వాట్సాప్‌లో పంపండి. రిఫరల్ చీటీ మీద నొప్పి మొదలైన టైం, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఆ టైం, చివరి గంటలో వచ్చిన మూత్రం ఎంతో రాయండి.