మా నాయనమ్మ, కలాయి సాయిబు

సభకు నమస్కారం. నల్లగొండలో సెప్టెంబర్ వచ్చిందంటే, నిజాం కొమ్ముకాసిన సాయుధ దళం రజాకార్ల మాట వస్తుంది. రావాలి కూడా. మన పల్లెలు పడ్డ బాధ చిన్నది కాదు. ఆ పగ మా ఇంట్లో ఎలా చల్లారిందో చెబుదామని నేను వచ్చాను.

1948లో మా నాయనమ్మకు 20 ఏళ్లు. రజాకార్లు వస్తున్నారని తెలిసి, రాత్రికి రాత్రి చంటిపిల్లతో గుట్టల్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఇల్లు బూడిద. అప్పటినుంచి ఆమెకు రజాకారన్నా, తురకోళ్లన్నా ఒకటే. పీర్ల పండుగకు ఊరంతా అలావ నిప్పుల గుండం చుట్టూ ఆడుతుంటే తలుపేసుకుని కూర్చునేది. రజాకార్లకు ఎదురు రాసినందుకే షోయబుల్లా ఖాన్‌ను అదే ఏడు ఆగస్టులో చంపారని మా నాన్న ఎంత చెప్పినా చెవికెక్కలేదు. ఎక్కడో పట్నంలో పత్రిక నడిపిన మనిషి ఆమెకేం తెలుసు?

ఇత్తడి గిన్నెలకు తగరం పూత పూసే కలాయి సాయిబు మాత్రం ఏడాదికోసారి వాకిట్లోకే వచ్చేవాడు. కలాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు చిలుమెక్కుతుంది, పిలవక తప్పదు. గిన్నెలు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయేది. నేను కొలిమి దగ్గరే కూర్చునేవాణ్ని. గిన్నె కాలగానే నవాసాగరం చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పుమనేది. తగరం తాకించి దూదితో ఒక్క చుట్టు తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది.

ఓసారి మీది ఏ ఊరని అడిగాను. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగించిన పోలీసు యాక్షన్ తర్వాత, ఊరు విడిచి పోతుంటే వాళ్ల నాన్నను దారిలోనే చంపారట.

"మా అబ్బా రజాకారు గాదు బిడ్డా. కలాయి పూసేటోడు."

తలుపు వెనక నాయనమ్మ వింటోంది. చాలాసేపటికి బయటికొచ్చింది, చేతిలో చెంబెడు మజ్జిగ.

"అప్పుడు నీకెన్నేండ్లు?"

"పదేండ్లమ్మా."

అంతే మాట్లాడుకున్నారు. మరుసటి ఏడు ఆమే పిలిచి అన్నం పెట్టింది.

రజాకార్లను మాత్రం చచ్చేదాకా తిట్టింది. తిట్టే హక్కు ఆమెకుంది. కానీ ఆ తిట్లలో మళ్లీ ఎన్నడూ సాయిబుల పేరు కలపలేదు.

దేశాల పగ సంగతీ చూడండి. ఫ్రాన్స్, జర్మనీ 1870 నుంచి 1945 లోపు మూడుసార్లు యుద్ధం చేసుకున్నాయి. 1963లో ఒప్పందం చేసుకుని, అదే ఏడు ఇద్దరూ కలిసి యువజన సంస్థ పెట్టి, ఇక్కడి పిల్లల్ని అక్కడికి, అక్కడి పిల్లల్ని ఇక్కడికి పంపడం మొదలుపెట్టారు. లక్షల మంది వెళ్లొచ్చారు. ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాన్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోల్ మొదటి ప్రపంచ యుద్ధభూమి వెర్డన్‌లో చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ ఫొటో 1984ది. అందరూ ఆ ఫొటోనే చూపిస్తారు. నాకైతే అంతకు 21 ఏళ్ల ముందే, నిన్నటి శత్రువు ఊరికి బయల్దేరిన పిల్లలే పెద్దగా కనిపిస్తారు.

మీ ఇళ్లలో ఆ రోజులు చూసిన ముసలివాళ్లు ఇంకా ఉండొచ్చు, చాలా కొద్దిమంది. ఈ వారమే వాళ్ల దగ్గర కూర్చుని, ఆ రోజులు ఎలా గడిచాయో అడగండి. తర్వాత పక్క వాడలో సాయిబుల ఇంటికీ వెళ్లి, అక్కడి ముసలమ్మనూ అదే అడగండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.