మన వైపు గొంతులు, మన వైపు మాటలు

శ్రోతలందరికీ నమస్కారం.

నెల్లూరు ట్రంకు రోడ్డులో సెకండ్ షో వదిలాక టీ అంగడి దగ్గర నలుగురు చేరితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి "ఆయన మనోడేనబ్బయా!" అనేదగ్గరికి వచ్చి ఆగుతుంది. ఒంగోలులోనూ అంతే. ఎవరి ఊరేది, ఏ పాట ఎవరు రాశారు, ఏ వేషం ముందు ఎవరికనుకున్నారు? ఈ పందేలకు తెల్లారిపోయినా ఎవరికీ అలుపు రాదు. నాకా కబుర్లంటే ప్రాణం. ఆ కబుర్లన్నీ విన్నాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. మన వైపు నుంచి తెలుగు సినిమాకు వెళ్లిన గొప్ప సొత్తు ముఖాలకన్నా ముందు గొంతులూ, మాటలూ.

"పాడుతా తీయగా" తెలియని తెలుగిల్లు ఉండదు. 1996లో ఈటీవీలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారితో మొదలైన కార్యక్రమం. ఆ పేరు 1964లో వచ్చిన 'మూగమనసులు' సినిమా పాటలోది. పాడింది ఘంటసాల గారు, రాసింది ఆచార్య ఆత్రేయ గారు. ఆత్రేయ గారు పుట్టింది సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో. బాలు గారేమో నెల్లూరులో కాపురమున్న హరికథకులు సాంబమూర్తి గారి అబ్బాయి. మన కవి రాసిన మాటే మన గాయకుడు కొత్త పిల్లలకు పాట దిద్దిన వేదికకు పేరైంది. ఇంతకన్నా మంచి ముడి ఏ పందెంలోనూ నాకు దొరకలేదు.

అదే సినిమాలో 'గోదారీ గట్టుంది' పాట కూడా ఆత్రేయదేనని పందెం కాసేవాళ్లున్నారు. కాయకండి, అది దాశరథి గారిది. ఇంకో పేచీ కూడా ఉంది. 2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది కాబట్టి ఆత్రేయ ఇక నెల్లూరాయన కాదంటారు కొందరు. 1921లో పుట్టిన మనిషి, 2022లో గీసిన గీత దాటి ఎట్టా పోతాడు?

ఆత్రేయ పేరెత్తగానే అందరూ ఒకే మాట చెబుతారు: రాసి ప్రేక్షకులనూ, రాయక నిర్మాతలనూ ఏడిపించారని. ఆ మాట ప్రచారమైనంతగా ఆయన నాటకాలు కాలేదు. నాకది కష్టంగా ఉంటుంది. 'ఎన్జీవో' నాటకం చదవండి. నెల జీతం మీద బతికే చిన్న గుమాస్తా ఇంటి బాధ ఉంటుందందులో. మనసు మీద అన్ని పాటలు రాయగలిగిన చెయ్యి ముందు నాటకంలోనే తిరిగింది. సినిమా పాటకు మామూలు మాటలు చాలని ఆయనకు ధైర్యమిచ్చింది ఆ రంగస్థలమేనని నా నమ్మకం.

బాలు గారి గొంతు పాటకే పరిమితం కాలేదు. 'గాంధీ' సినిమా తెలుగులో వచ్చినప్పుడు గాంధీగా నటించిన బెన్ కింగ్‌స్లీకి గొంతు ఇచ్చింది ఆయనే. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ సెప్టెంబరులోనే మనల్ని వదిలి వెళ్లిపోయారు.

నవ్వు సంగతికొస్తే రమణారెడ్డి గారు. ఊరు నెల్లూరు జిల్లా జగదేవిపేట. సినిమాలకు పోకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేశారు. అంత బక్కపలచని మనిషిని చూడగానే నవ్వొచ్చే మాట నిజమే. కానీ కళ్లు మూసుకుని వినండి. 'మాయాబజార్'లో చిన్నమయ్య మాట్లాడుతుంటే ఆ సాగదీత, ఆ విరుపు చాలు, బొమ్మ అక్కర్లేదు.

ఆయనే 1955 నాటి 'మిస్సమ్మ'లో అప్పిచ్చిన డేవిడ్. ఆ సినిమాలో మేరీ వేషానికి ముందు అనుకున్నది భానుమతి గారిని. తర్వాత అది సావిత్రి గారికి వెళ్లింది. భానుమతి గారిది ఒంగోలు దగ్గర దొడ్డవరం. ఆ వేషం ఆమె దగ్గరే ఉండి ఉంటే, దొడ్డవరం అమ్మాయీ జగదేవిపేట డేవిడూ ఒకే తెర మీద మాటకు మాట అనుకునేవాళ్లు. ఆ సన్నివేశం ఊహించుకోవడమే నాకు పండగ.

డైరెక్టరు టి.కృష్ణ గారి గురించి, నిర్మాత కారంచేడు రామానాయుడు గారి గురించి చెప్పాలంటే ఇంకో పూట కావాలి. భానుమతి గారిని మాత్రం వదిలి పోలేను. తన పాటలు తానే పాడుకున్న నటి. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తానే డైరెక్ట్ చేశారు. వీటన్నిటితోపాటు పుస్తకం కూడా రాశారు. 'మల్లీశ్వరి' చూసి మురిసిపోయేవాళ్లు కూడా 'అత్తగారి కథలు' తెరిచి చూడరు. మడి, ఆచారం, అమాయకత్వం, అధికారం అన్నీ కలిసిన ఒక అత్తగారిని కోడలు ఎంత ప్రేమగా చూసి నవ్వించిందో చూడండి. గయ్యాళి అత్తల కథలు ఊరినిండా ఉన్న రోజుల్లో ఆమె రాసింది ఇలాంటి అత్తగారిని. ఒంగోలువాళ్లు ఈసారి ఆమె పేరుతో పందెం కాస్తే, ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు ఆ పుస్తకం కొనిపెట్టాలని షరతు పెట్టుకోండి.

సెలవు.