ఎర్ర రక్తకణపు పొర: ఏ కొవ్వు లోపల, ఏది వెలుపల?

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. ఎర్ర రక్తకణాన్ని చుట్టి ఉండే త్వచంలో కొవ్వు పదార్థాలు, అంటే లిపిడ్లు, ఎలా అమరి ఉంటాయో, ఆ అమరిక చెదిరితే ఏమవుతుందో వివరించడానికి రక్తవ్యాధుల నిపుణులు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ తీసుకుందాం.

మొదటి శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. నేను డిగ్రీ విద్యార్థులకు జీవరసాయనశాస్త్రం బోధిస్తాను. కణత్వచంలో లిపిడ్లు రెండు వరుసలుగా ఉంటాయని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఆ రెండు వరుసలూ ఒకేలా ఉండవని ఎలా తెలిసిందని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు.

డాక్టర్: చాలా మంచి ప్రశ్న అడిగాడమ్మా. రెండు వరుసల సంగతి 1925లో నెదర్లాండ్స్‌కు చెందిన గోర్టర్, గ్రెండెల్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. ఎర్ర రక్తకణాల నుంచి తీసిన లిపిడ్లను నీటి మీద ఒకే అణువు మందంతో పరిస్తే, వాటి వైశాల్యం ఆ కణాల ఉపరితల వైశాల్యానికి దాదాపు రెట్టింపు వచ్చింది. వాళ్ళు ఈ కణాన్నే ఎంచుకోవడం ఎంతో తెలివైన పని. మనిషి ఎర్ర రక్తకణం పరిణతి చెందేసరికి దానిలో కేంద్రకం గానీ మైటోకాండ్రియా గానీ మిగలవు కనుక, అందులో దొరికే త్వచమంతా బయటి పొరదే.

వరుసల మధ్య తేడా బయటపడడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1972లో బ్రెట్షర్ అనే శాస్త్రవేత్త ఈ తేడాను ప్రతిపాదించగా, మరుసటి ఏడాదే త్వచంలోని ప్రధాన లిపిడ్లైన ఫాస్ఫోలిపిడ్లను విడగొట్టే ఎంజైములతో దానికి గట్టి రుజువు దొరికింది. ఆ ఎంజైములు పగలని కణంలోకి చొరబడలేవు కాబట్టి వెలుపలి వరుసను మాత్రమే తాకగలవు. అలా చూసినప్పుడు ఫాస్ఫాటిడిల్‌కోలిన్, స్ఫింగోమైలిన్ అనే ఫాస్ఫోలిపిడ్లు చాలావరకు విడిపోయాయి గానీ, ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే మరో ఫాస్ఫోలిపిడ్ చెక్కుచెదరలేదు. కణాన్ని పగలగొట్టి అవే ఎంజైములు కలిపితే అదీ విడిపోయింది. అంటే ఫాస్ఫాటిడిల్‌సెరీన్ దాదాపు మొత్తం, ఫాస్ఫాటిడిల్‌ఎథనాలమీన్ అనే ఇంకో ఫాస్ఫోలిపిడ్‌లో అధికభాగం లోపలి వరుసలోనే ఉంటాయన్నమాట.

మొదటి శ్రోత: మరి కాలం గడిచేకొద్దీ అవి అటూ ఇటూ కలిసిపోవా అండీ?

డాక్టర్: ఫాస్ఫోలిపిడ్ తలభాగం నీటిని కోరుతుంది. అది నూనెలాంటి మధ్యభాగాన్ని దాటి అవతలి వరుసకు చేరాలంటే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అయితే ఈ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఆ నెమ్మదితనం ఒక్కటే సరిపోదు. అందుకే ఫ్లిప్పేజ్ అనే ప్రోటీన్ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేస్తూ, వెలుపలికి జారిన ఫాస్ఫాటిడిల్‌సెరీన్‌ను ఎప్పటికప్పుడు లోపలికి చేరుస్తుంది. కణం శక్తిని వెచ్చించి మరీ ఈ అమరికను కాపాడుకుంటోందన్న మాటను మీ విద్యార్థులకు తప్పక చెప్పండి. బొమ్మల్లో కనబడని అసలు విషయం ఇదే.

రెండో శ్రోత: డాక్టర్ గారూ, మా అబ్బాయికి సికిల్ సెల్ వ్యాధి ఉంది. వాడి రక్తకణాల మీద లోపలుండాల్సిన కొవ్వు బయటికి వస్తుందని ఆసుపత్రిలో చెప్పారు. దానివల్ల ఏమవుతుందండీ?

డాక్టర్: ఇప్పటిదాకా మనం చెప్పుకున్న ఫాస్ఫాటిడిల్‌సెరీన్ గురించే వాళ్ళు చెప్పారమ్మా. సికిల్ సెల్ వ్యాధిలో, ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లోనే లోపం ఉంటుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ పోగులుగా గట్టిపడి త్వచాన్ని సాగదీస్తుంది, దాంతో కాల్షియం లోపలికి చొరబడుతుంది. కాల్షియం పెరిగితే ఫ్లిప్పేజ్ పని మందగిస్తుంది, స్క్రాంబ్లేజ్ అనే మరో ప్రోటీన్ రెండు వరుసల లిపిడ్లనూ కలగాపులగం చేస్తుంది. ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అలా వెలుపల కనబడితే, దాన్ని గుర్తుపట్టిన మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు ఆ కణాన్ని మింగేస్తాయి. పైగా రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు పనిచేయడానికి అదే ఉపరితలం అనువుగా ఉంటుంది. కొన్ని కణాలు త్వరగా నశించడానికీ, గడ్డలు ఏర్పడే ముప్పు పెరగడానికీ ఇదొక కారణం.

బాబుకు ఒంట్లో నీరు తగ్గకుండా చూడండి, చలికి దూరంగా ఉంచండి. డాక్టరు ఈ వ్యాధికి హైడ్రాక్సీయూరియా అనే మందు రాసి ఉంటే మీ అంతట మీరు ఆపవద్దు. జ్వరం గానీ, ఛాతీ నొప్పి గానీ, ఊపిరాడకపోవడం గానీ వస్తే ఇంట్లో వేచి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలమ్మా.

మూడో శ్రోత: నమస్కారమండీ. పిత్తనాళం మూసుకుపోయి మా నాన్నగారికి కామెర్లు వచ్చాయి. రక్తపరీక్షలో టార్గెట్ కణాలు ఉన్నాయని రాశారు. ఇనుము మాత్రలు వేయమంటారా?

డాక్టర్: వద్దు బాబూ, కారణం తేలకుండా వేయకండి. ఎర్ర రక్తకణం లిపిడ్లను సొంతంగా తయారుచేసుకోలేదు, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాతో ఇచ్చిపుచ్చుకుంటుంది. పిత్తం ప్రవాహం ఆగినప్పుడు ప్లాస్మాలోని కొలెస్ట్రాల్, ఫాస్ఫాటిడిల్‌కోలిన్ త్వచంలోకి అదనంగా చేరతాయి. కణంలోని పదార్థం పెరగకుండా పొర మాత్రమే పెరిగితే, అది సరుకుకు మించిన సంచిలా వదులవుతుంది. సూక్ష్మదర్శినిలో మధ్యన ముదురు చుక్క, దాని చుట్టూ లేత వలయం కనబడతాయి, అవే టార్గెట్ కణాలు. మామూలుగా ఈ కణాలు దీనివల్ల త్వరగా నశించవు, పిత్తనాళపు అడ్డు తొలగితే క్రమంగా తగ్గిపోతాయి. అయితే తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధిలో, ఇనుము లోపంలో కూడా ఇవి కనబడతాయి కనుక, నాన్నగారి రిపోర్టును చికిత్స చేస్తున్న డాక్టరుకు చూపించి ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష అవసరమా అని అడగండి.

నాలుగో శ్రోత: కొలెస్ట్రాల్ తగ్గడానికి స్టాటిన్ మాత్ర వాడుతున్నాను. దానివల్ల ఎర్ర రక్తకణాల పొర బలహీనపడుతుందా?

డాక్టర్: అలా భయపడనవసరం లేదండీ. ఈ త్వచంలో ఫాస్ఫోలిపిడ్లు ఎన్ని ఉంటాయో కొలెస్ట్రాల్ అణువులూ దాదాపు అన్నే ఉంటాయి. మామూలు మోతాదులో స్టాటిన్ వాడినంత మాత్రాన కణాలు పగిలిపోయేంతగా ఆ నిష్పత్తి మారదు. మాత్ర ఆపకండి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కండరాలు విపరీతంగా నొప్పి పెట్టినా అది వేరే సమస్య కావచ్చు కాబట్టి, ఆ రోజే మీ డాక్టరును కలవండి.